డిజైనుకూ కూలి కట్టండి: కృష్ణా జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి,
మచిలీపట్నం.



ప్రతి సోమవారం మీ కార్యాలయంలో జనం దగ్గర అర్జీలు తీసుకుంటారు. పింఛను ఆగిందని ఒకరు, గట్టు తగాదా అని ఒకరు, కాలువ చివరి చేలకు నీరందలేదని మరొకరు వస్తారు. ఏ అర్జీకైనా దాన్ని చూసే శాఖ ఒకటి ఉంటుంది. నా అర్జీ ఏ శాఖ బల్ల మీద పెట్టాలో తెలియలేదు. అందుకే నలుగురూ చదివేలా పత్రికాముఖంగా మీకు రాస్తున్నాను.

విషయం ఇది. మన జిల్లాలో ఊలుతోనూ నూలు దారంతోనూ అల్లికలు అల్లే ఆడవాళ్లు ఊరూరా ఉన్నారు. వాళ్లలో కొందరు ఎవరో వేసిన డిజైను చూసి అల్లడంతో ఆగిపోలేదు. సొంతంగా కొత్త డిజైన్లు వేస్తున్నారు, ఇంకొకరు చూసి అల్లుకునేలా నమూనాలు రాస్తున్నారు. అల్లిన వస్తువుకు ఎంతో కొంత ధర పలుకుతోంది. ఆ వస్తువుకు రూపం ఇచ్చిన ఆలోచనకు ధర లేదు, ఆలోచించిన మనిషికి పేరు లేదు. ఆ రెండూ ఇప్పించడం ఈ జిల్లాలో మొదలుపెట్టగలవారు మీరు.

నేను పుట్టింది దివిసీమలోని నాగాయలంకలో, మెట్టింది గుడివాడలో. మావారి ఉద్యోగం కొద్దీ కొన్నేళ్లుగా మచిలీపట్నంలో, అదే మన బందరులో, కాపురం. మాకు ఇద్దరు పిల్లలు. మా పిన్ని నర్సాపురం కోడలు. వేసవి సెలవుల్లో ఆవిడ దగ్గరికి వెళ్లినప్పుడు కొక్కెం సూది పట్టడం, అంటే క్రోషే అల్లడం, నేర్పింది. నేర్చుకున్నది సరదాకి. పెళ్లయ్యాక టీవీ కవర్లు, గుమ్మం తోరణాలు, దిండు గలీబుల అంచులు అల్లుతూ వచ్చాను. పెద్దపిల్ల కడుపులో ఉన్నప్పుడు మొదటిసారి నాకు కావలసిన కొలతకు, నాకు నచ్చిన పూవుతో ఒక చిన్న చొక్కా నేనే కూర్చుకున్నాను. అప్పటినుంచి నా చేతిపని దారి మారింది.

మన డెల్టాలో చలి ఎంతండీ! ధనుర్మాసంలో నాలుగు తెల్లవారుజాములు, అంతే. పురిటిబిడ్డకు టోపీ, మేజోళ్లు దాటి ఊలుతో మనకు పెద్ద అవసరం లేదు. కాని గుడివాడ చుట్టుపక్కల ఊళ్లలో కూతురో కోడలో అమెరికాలో లేని వీధి అరుదు. పురిటికి విమానమెక్కే అమ్మమ్మలు, నాయనమ్మలు మాలాంటివాళ్ల దగ్గరికి వస్తారు. అక్కడి మంచుకు తగ్గ స్వెట్టరు అడుగుతారు, ఇక్కడికి వచ్చినప్పుడు తొడగడానికి పల్చటి నూలు చొక్కా కూడా అడుగుతారు. పుస్తకాల్లో దొరికే నమూనాలు చలిదేశాల పిల్లలకు, ఊలుకు రాసినవి. నూలు దారం ఊలులాగా సాగి మళ్లీ దగ్గరకు రాదు. బరువుకు కిందికి జారుతుంది. ఊలుకు రాసిన లెక్కతో నూలు చొక్కా అల్లితే నాలుగు ఉతుకుల తర్వాత అంచు మోకాళ్ల మీదకు దిగుతుంది. మన వాతావరణానికి, మన దారానికి, మన పిల్లలకు సరిపోయే నమూనా ఎవరో ఒకరు కొత్తగా రాయాల్సిందే. ఆ అవసరమే మమ్మల్ని డిజైనర్లను చేసింది.

డిజైను అంటే కాగితం మీద పూవు గీయడమే అనుకుంటారు చాలామంది. ఆ పూవు వెనక ఎంత లెక్క ఉందో మీకు చెప్పాలి. మూడేళ్ల పిల్లకు చొక్కా నమూనా రాయాలంటే ముందు అదే దారంతో, అదే సూదితో ఒక చదరపు ముక్క అల్లాలి. దాన్ని ఉతికి, ఆరబెట్టి, నాలుగంగుళాల్లో ఎన్ని కుట్లు పడ్డాయో లెక్కపెట్టాలి. నా చేతికి 20 కుట్లు పడితే, బిగువు చెయ్యి ఉన్న మరొకామెకు 22 పడతాయి. ఛాతీ 24 అంగుళాలు రావాలని నేను 120 కుట్లు రాస్తే, ఆమె చేతిలో అదే చొక్కా దాదాపు 22 అంగుళాలకు కుదించుకుపోయి పిల్లకు పట్టకుండా పోతుంది. అందుకని ముక్క కొలత నమూనా మొదట్లోనే రాయాలి. తర్వాత ఆరునెలల బిడ్డకు, ఏడాది బిడ్డకు, రెండేళ్లకు, నాలుగేళ్లకు విడివిడిగా లెక్కలు కట్టాలి. పసిబిడ్డకు ఒంటితో పోలిస్తే తల పెద్దది. మెడ దగ్గర భుజం మీద గుండీ పెట్టకపోతే చొక్కా తల దాటదు. పూవుకు ఎనిమిది కుట్లు పడితే చుట్టు మొత్తం ఎనిమిదితో భాగించాలి, లేకపోతే వెనకవైపు సగం పూవు మిగిలిపోతుంది. ఇంత చేశాక ఇంకొకరి చేత అల్లించి చూడాలి. మా వదిన నాగాయలంకలో అల్లుతుంది, స్నేహితురాలు గుడివాడలో అల్లుతుంది. వాళ్లు ఆగిన ప్రతిచోటా నా రాతలో లోపం ఉన్నట్టే. తిరగరాసి మళ్లీ పంపుతాను. ఇదంతా పని కాదని ఎవరైనా అనగలరా?

ఈ లెక్కల చదువు మన ఆడవాళ్లకు కొత్తదేమీ కాదు. పదిహేను చుక్కలు పెట్టి, సందు చుక్క ఎనిమిది దాకా దించి, ఏ చుక్క నుంచి ఏ చుక్కకు గీత వెళ్తే తామర వస్తుందో సంక్రాంతి నెలలో మన ఆడపిల్లలు కళ్లు మూసుకుని చెబుతారు. నమూనాను గీసి చూపే అల్లిక పటం కూడా ముగ్గు లాంటిదే. గళ్ల లేసులో నిండు గడి, ఖాళీ గడి తప్ప మరో అక్షరం అక్కర్లేదు. జపాన్‌లో అల్లిక గుర్తులకు జాతీయ ప్రమాణమే ఉంది. ఒక గుర్తు ఒకే కుట్టుకు వాడతారు కనుక, జపనీసు అక్షరం ఒక్కటి రానివాళ్లు కూడా ఆ పుస్తకాలు చూసి అల్లగలుగుతున్నారు. కోడూరులో అయిదో తరగతితో బడి మానేసిన అమ్మాయి ఆ గుర్తులు నేర్చుకుంటే, ఆమె గీసిన పటం చూసి ప్రపంచంలో ఎవరైనా అల్లుకోవచ్చు.

నమూనా రాయడం పిల్లల తల్లికి ఎందుకు అంత అక్కరకొస్తుందో కూడా చెబుతాను. 2019లో జాతీయ గణాంక కార్యాలయం చేసిన కాలవినియోగ సర్వే ప్రకారం మన దేశంలో ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు దానికే వెచ్చించారు. ఇంటిపనిలో చెయ్యి వేసే మగవాళ్లు వెచ్చించింది 97 నిమిషాలు. మిగిలిన ముక్కల్లోనే మా సంపాదన జరగాలి. పెద్ద బల్లగుడ్డ ఒకటి అల్లితే వారాలు పడుతుంది, అమ్మితే ఒక్కసారే డబ్బు వస్తుంది. ఎంత నేర్పు ఉన్నా రోజుకున్న గంటలు దాటి సంపాదించలేం. బిడ్డకు జ్వరమొస్తే ఆ వారం సంపాదన సున్నా. నమూనా అలా కాదు. రాసేటప్పుడు కష్టం ఉంటుంది, ఒకసారి సరిగ్గా రాశాక అది పదిమందికీ అమ్ముడుపోతుంది, వందమందికీ అమ్ముడుపోతుంది. విదేశాల్లో ఒక స్వెట్టరు నమూనా కొన్ని డాలర్లకు కొంటున్నారు, కంప్యూటరు నుంచి దించుకుని ఇంట్లో అల్లుకుంటున్నారు. రాసినామె పిల్లల్ని బడికి పంపుతున్నా, అత్తగారిని ఆసుపత్రికి తీసుకెళ్తున్నా ఆ అమ్మకం ఆగదు. ఇంటిని వదిలి రాలేని మనిషికి ఇంతకంటే పనికొచ్చే బతుకుతెరువు నాకు కనిపించలేదు.

అయితే పేరు లేనిదే ఈ లాభం దక్కదు. పక్క డెల్టాలో ఏం జరిగిందో చూడండి. నర్సాపురం చుట్టుపక్కల పల్లెల్లో లేసు అల్లిక 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా మొదలైంది. వేలమంది ఆడవాళ్లు దాన్ని తరతరాలుగా అల్లి దేశదేశాలకు పంపారు. 1970ల చివర్లో మరియా మీస్ అనే జర్మన్ సామాజికశాస్త్రవేత్త వచ్చి ఆ పల్లెల్లో పరిశోధన చేసింది. ‘నర్సాపురం లేసు అల్లికదారులు’ అన్న అర్థం వచ్చే పేరుతో 1982లో ఇంగ్లీషులో పుస్తకం అచ్చువేసింది. ఆమె తేల్చి చెప్పిన మాట ఒకటుంది. ఈ ఆడవాళ్లు ప్రపంచ మార్కెట్టుకు సరుకు తయారుచేస్తున్నారు, అయినా ఊరు వాళ్లను ‘ఇంట్లో కూర్చుని కాలక్షేపం చేసే గృహిణులు’గానే చూస్తోంది. ఆ చూపు వల్లే కూలి అంత తక్కువగా ఉండగలుగుతోంది. పూలు అల్లేది ఒకరు, అతికేది ఒకరు, వ్యాపారం చేసేది మరొకరు. ముక్కలు ముక్కలుగా పంచిన పనిలో మొత్తం వస్తువు ఎవరి ఊహ అన్న ప్రశ్నే పుట్టదు.

నర్సాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అది విన్న రోజు మా పిన్ని కళ్లు చెమర్చాయి, నాకూ ఎంతో సంతోషమేసింది. ఆ గుర్తింపు ఊరి పేరును కాపాడుతుంది. వేరే ఊళ్లో అల్లిన లేసును నర్సాపురం లేసు అని అమ్మకుండా అడ్డుపడుతుంది. ఒక ఇంట్లో ఒక స్త్రీ కొత్తగా కూర్చిన పూవు ఆమెదేనని మాత్రం అది చెప్పదు. అందుకు వేరే ఏర్పాటు కావాలి.

మన బందరు సంగతి తీసుకోండి. 1611లో ఇంగ్లీషువాళ్లు ఇక్కడ వర్తకస్థావరం పెట్టారు, అంతకుముందే డచ్చివాళ్లు వచ్చి ఉన్నారు. ముఖ్యంగా అద్దకం గుడ్డల కోసం ఓడలు ఈ రేవులో ఆగేవి. 17వ శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ లండన్ నుంచి కోరమాండల్ తీరానికి నమూనాలు పంపి, ఈ రకం పువ్వులు కావాలని అడిగేది. మన పనివాళ్లు వాటిని చూసి తమ చేతివాటంతో మార్చి అద్దేవాళ్లు. ఆ గుడ్డలు నేడు యూరప్ మ్యూజియాల్లో అద్దాల వెనక ఉన్నాయి. వాటి కింద ‘కోరమాండల్ తీరం’ అని రాసి ఉంటుంది. గీసిన మనిషి పేరు ఉండదు. ఈ రోజు పెడన వెళ్తే టేకు చెక్క మీద అచ్చు చెక్కే నిపుణులు ఇంకా ఉన్నారు. గుడ్డను కరక్కాయ, పాలలో నానబెట్టి, ఇనుప తుప్పు, బెల్లం ఊరిన నీళ్లతో నల్ల గీత అద్ది, పటికతో ఎరుపు తేల్చి, కాలువ నీళ్లలో జాడించే ఆ కలంకారీ పని అంతటికీ మొదలు అచ్చే. ఒక్క డిజైనుకు గీతకో అచ్చు, ప్రతి రంగుకూ మరో అచ్చు చెక్కాలి. కలంకారీ అని దేశమంతా తెలుసు, అచ్చు చెక్కినవారు మాత్రం ఆ వీధి దాటితే ఎవరికీ తెలియదు. పెడన అచ్చుపనివారిదీ మా అల్లికవాళ్లదీ ఒకటే గోడు.

పేరు నిలబెట్టుకున్నవాళ్లు లోకంలో లేరా అంటే ఉన్నారు. 1840ల్లోనే లండన్‌లో ఎలనార్ రీగో ద లా బ్రాంషార్డియేర్ అనే ఆమె క్రోషే నమూనాలు తన పేరుతో పుస్తకాలుగా అచ్చువేసి అమ్మింది. 1851 మహాప్రదర్శనలో పతకం అందుకుంది. అదే కాలంలో కరువు కోరలకు చిక్కిన ఐర్లండు ఆడవాళ్లకు క్రోషే లేసు కూడు పెట్టింది. ఎలిజబెత్ జిమ్మర్‌మన్ అనే ఆమె 1910లో ఇంగ్లండులో పుట్టింది, 1937లో భర్తతో అమెరికా చేరింది, ముగ్గురు పిల్లల్ని పెంచింది. 1950ల్లో ఆమె గుండ్రంగా అల్లే స్వెట్టరు నమూనా ఒకటి పత్రికకు పంపితే, వాళ్లు దాన్ని మార్చేసి విడివిడి పలకలుగా అల్లి కుట్టే పద్ధతిలో అచ్చేశారు. ఆమె ఊరుకోలేదు. 1958లో సొంతంగా ఒక చిన్న పత్రిక మొదలుపెట్టి తన నమూనాలు తన మాటల్లోనే పంపడం మొదలుపెట్టింది. మరుసటి ఏడు స్కూల్‌హౌస్ ప్రెస్ అనే ప్రచురణ సంస్థ పెట్టింది. ఆమె కనిపెట్టిన లెక్క ఈనాటికీ మాకు దిక్కు. ఛాతీ చుట్టు కుట్లను నూరు అనుకుంటే మణికట్టుకు 20, మెడకు 40 చాలు. ఎవరి ఒంటికైనా, ఏ దారానికైనా దాంతో మొదలుపెట్టవచ్చు. ఆమె కూతురు ఆ పని కొనసాగించింది. పిల్లల్ని పెంచుతూ, ఇంట్లోంచి, తపాలా బిళ్లలంటించి జరిపిన పని అది. ఎలిజబెత్‌కు ఉన్నదల్లా తన నమూనా తనదన్న పట్టుదల, దాన్ని తన పేరుతో పంపే దారి. పట్టుదల మాకూ ఉంది. ఆ దారి కోసమే మీ గుమ్మం ఎక్కుతున్నాను.

చట్టం వైపు కూడా చూశాను. 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు చేయిస్తే కొత్త డిజైనుకు మొదట 10 ఏళ్లు, పొడిగిస్తే ఇంకో 5 ఏళ్లు రక్షణ ఉంటుంది. అయితే నమోదుకు ముందే దాన్ని బయట ప్రదర్శించినా, అమ్మినా ‘కొత్తది’ అన్న హక్కు పోవచ్చు. మా ఆడవాళ్లు ముందు ఎగ్జిబిషన్‌లో స్టాలు పెడతారు, నచ్చితే అప్పుడు కాగితాల సంగతి ఆలోచిస్తారు. అప్పటికే చేజారిపోతుంది. 1957 నాటి కాపీరైటు చట్టంలో ఒక సెక్షన్ ఉంది. నమోదుకు తగిన డిజైనును నమోదు చేయించకుండా పారిశ్రామిక పద్ధతిలో 50 కంటే ఎక్కువ వస్తువుల మీద వేస్తే, దాని మీద కాపీరైటు ఉండదు. ఎంతమందికి తెలుసండీ ఈ మాట? మరోవైపు, వరస వరసా మాటల్లో రాసిన నమూనా రచన కిందికి వస్తుంది. దానికి రాసినామె జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు కాపీరైటు ఉంటుంది. అంటే రాయడం తెలిసినామెకు చట్టం అండ ఉంది, చేత్తో అల్లి చూపించడమే తెలిసినామెకు ఆ అండ లేదు. ఈ తేడా చదువు వల్ల వచ్చింది. నేర్పితే పోతుంది.

నాకు జరిగినది కూడా ఒక మాట చెబుతాను. నేను కూర్చిన పసిబిడ్డ చొక్కా ఒక దుకాణం వాళ్లకు నచ్చింది. మచ్చుకు ఒకటి, దానితోపాటు నమూనా కాగితం అడిగితే ఇచ్చాను. తర్వాత అదే చొక్కా వేరేవాళ్ల చేత అల్లించి ఎన్నో అమ్మారు. మచ్చు చొక్కాకు కూలి ముట్టింది. కాగితానికి ఏమైనా ఇవ్వాలన్న ఆలోచనే వాళ్లకు రాలేదు. వాళ్ల మీద ఫిర్యాదు చేయడానికి ఈ లేఖ రాయడం లేదు. డిజైను కూడా డబ్బిచ్చి కొనాల్సిందని ఎవరూ ఎక్కడా చెప్పని చోట వాళ్లకు మాత్రం ఎలా తెలుస్తుంది? ప్రభుత్వం ముందు కొని చూపిస్తే వ్యాపారి వెనకాల వస్తాడు.

ఇక్కడ ఒక సందేహం వస్తుందని తెలుసు. అల్లిక అందరిదీ కదా, ఒకరి సొత్తు ఎలా అవుతుందని అడుగుతారు. నిజమే. గొలుసు కుట్టు ఎవరి సొత్తూ కాదు. పాత పూలు, పాత అంచులు పదితరాల అమ్మమ్మలవి. వాటిని కట్టివేయాలని మేమెవరమూ అడగడం లేదు. కాని దివిసీమ మడ అడవుల్లో తిరిగే బావురుపిల్లిని నా పిల్లలకు బొమ్మగా చేయాలని నెలల తరబడి లెక్కలు వేసి, వీపు మీద చారలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో, కాళ్లు ఎన్ని కుట్ల దగ్గర అతికితే బొమ్మ నిలబడుతుందో రాశాను. ఆ రాత నాది. ఘంటసాల బౌద్ధశిల్పాల్లోని తామరను గళ్ల లేసులోకి తెచ్చిన అమ్మాయి ఒకరు నాకు తెలుసు. తామర అందరిదీ, ఆ గళ్ల పటం ఆమెది. పాతదాని నుంచి నేర్చుకుని కొత్తది చేసినవారికి దాని మీద హక్కు ఇవ్వడం సంప్రదాయానికి ద్రోహం కాదు. అలా ఇవ్వకపోతేనే కొత్తది పుట్టడం ఆగిపోతుంది.

ఆడవాళ్ల ఉపాధి అనగానే మన కార్యాలయాలకు కుట్టుమిషను గుర్తొస్తుంది. వేదిక కట్టి, వరసగా మిషన్లు పెట్టి పంచుతారు. కుట్టుమిషనుతో బతికినవాళ్లు ఎందరో ఉన్నారు, దాన్ని తక్కువ చేయను. కాని అల్లికకు మిషను అక్కర్లేదు. 2023 సెప్టెంబరు 17న కేంద్రం ప్రారంభించిన విశ్వకర్మ పథకంలో 18 వృత్తులు ఉన్నాయి. దర్జీ ఉన్నాడు, పూలదండలు కట్టేవారు ఉన్నారు, చేపల వల అల్లేవారు కూడా ఉన్నారు. నాగాయలంకలో మా ఇంటి పక్క వల అల్లే తాతకు ఆ పథకంలో చోటు ఉన్నందుకు మనసారా సంతోషిస్తున్నాను. ఆయన పక్క అరుగు మీద కూర్చుని లేసు అల్లే ఆయన కోడలి పని మాత్రం ఆ జాబితాలో లేదు. జాబితా ఢిల్లీలో తయారైంది, దాన్ని మార్చడం మీ చేతిలో లేదని నాకు తెలుసు. మీ చేతిలో ఉన్నవే అడుగుతున్నాను.

మొదటిది, లెక్క. వెలుగు, మెప్మా పొదుపు సంఘాల ద్వారా మచిలీపట్నం, గుడివాడ, అవనిగడ్డ ప్రాంతాల్లో అల్లికలు చేసేవారిని నమోదు చేయించండి. ఆ ఫారంలో ‘సొంతంగా డిజైన్లు వేస్తారా?’ అని ఒక్క గడి చేర్చండి. హస్తకళాకారులకు కేంద్ర జౌళి శాఖ ఇచ్చే పహచాన్ గుర్తింపు కార్డులకు మండలాల్లో శిబిరాలు పెట్టించండి. బందరు దాకా రాలేని బాలింతలు, చంటిపిల్లల తల్లులే ఇందులో ఎక్కువ. వాళ్ల ఊరికి కార్డు వెళ్లాలి.

రెండోది, చదువు. ఈ మూడు చోట్లా మూడు గదులు చాలు. కొత్త భవనం అక్కర్లేదు, మధ్యాహ్నాలు ఖాళీగా ఉండే ప్రభుత్వ గది ఏదైనా సరిపోతుంది. పక్కనే అంగన్‌వాడీ ఉంటే మరీ మంచిది, తల్లులు పిల్లల్ని వెంట తెచ్చుకుంటారు. అక్కడ కొలత ముక్క లెక్క, సైజులు పెంచడం, గుర్తులతో పటం గీయడం, సెల్‌ఫోనుతో చక్కగా ఫొటో తీయడం నేర్పాలి. నమూనా ధర ఎలా కట్టాలో, విదేశీ కొనుగోలుదారు డబ్బు బ్యాంకు ఖాతాలోకి ఎలా వస్తుందో చెప్పాలి. పెడన అచ్చు చెక్కేవారిని కూడా ఆ గదికి పిలవండి. వాళ్ల గీతా మా గడీ కలిస్తే ఏమి పుడుతుందో చూడాలని నాకు ఎంతో ఆశ.

మూడోది, నమోదు. జిల్లా పరిశ్రమల కేంద్రంలో ఒక అధికారికి ఈ పని అప్పగించండి. కొత్త డిజైను ఎగ్జిబిషన్‌కు వెళ్లే ముందు ఆయన దగ్గరికి వెళ్లాలి. నమోదు చేయించాల్సినదా, నమూనా రాసుకుంటే చాలా అన్నది ఆయన చూసి చెప్పాలి. రుసుము పెద్దది కాదు. దరఖాస్తు ఇంగ్లీషులో ఉండటం, దారి తెలియకపోవడం, ఎవరిని అడగాలో తెలియకపోవడం మాకు పెద్ద అడ్డు.

నాలుగోది, కొనుగోలు. జనవరి 26న, ఆగస్టు 15న, అతిథులు వచ్చినప్పుడు జిల్లా యంత్రాంగం శాలువాలు, జ్ఞాపికలు ఇస్తుంది. వాటిలో కొన్ని మన జిల్లా అల్లికలు, కలంకారీ ఉండనివ్వండి. బిల్లులో రెండు వరసలు పెట్టించండి: ఒకటి అల్లినవారి కూలి, రెండోది డిజైను వేసినవారి రుసుము. వస్తువుతోపాటు వెళ్లే చీటీ మీద ఇద్దరి పేర్లూ ఊళ్లూ తెలుగులో అచ్చు వేయించండి. ఒక ప్రభుత్వ బిల్లులో ‘డిజైను రుసుము’ అన్న వరస కనిపించిన రోజు నుంచి వ్యాపారులతో మాట్లాడేటప్పుడు మాకు నోరు వస్తుంది. ఆడపిల్లలకు తమ బుర్రలో ఉన్నది సంపాదించి పెట్టగలదని నమ్మకం వస్తుంది.

దివిసీమలో పుట్టినదాన్ని కనుక ఇంకొక మాట చెప్పకుండా ఉండలేను. 1977 నవంబరు 19 ఉప్పెన గురించి మా ఇంట్లో ఇప్పటికీ మాట్లాడుకుంటారు. ఇళ్లు, పశువులు, పడవలు, చేలు ఒక్క రాత్రిలో పోయాయి. మనుషులు వేలల్లో పోయారు. ఆ తరం ఆడవాళ్లు తమ కూతుళ్లకు చెప్పింది ఒక్కటే: చేతిలో ఒక పని ఉండాలి. నా కూతురికి నేను దానికి ఇంకొకటి కలిపి చెబుతున్నాను. ఆ పనికి నీ పేరు ఉండాలి. తీరాన తుఫానులు ఆగవు. గోదాములో ఉన్న సరుకు తడుస్తుంది, నమూనా తడవదు. అది తలలో ఉంటుంది, కాగితం మీద ఉంటుంది, అవతలి ఖండంలో కొనుక్కున్నామె దగ్గర కూడా ఉంటుంది.

మా వంతు మేము చేస్తాం. మూడు గదులు చూపిస్తే, నేర్పడానికి మేమే వస్తాం, జీతం అడగం. నాకు తెలిసిన లెక్కలన్నీ తెలుగులో రాసి, గుర్తుల పట్టికతో సహా ఆ గదుల్లో ఉంచుతాను. ఎవరైనా చూసి నేర్చుకోవచ్చు. నేర్చుకున్న ప్రతి ఒక్కరూ మరొకరికి నేర్పాలన్నది మేము పెట్టుకునే నియమం.

వచ్చే సోమవారం ఈ లేఖ ప్రతిని, మేము రాసిన కొన్ని నమూనాలను తీసుకుని, నాతోపాటు గుడివాడ, నాగాయలంకల నుంచి వచ్చే తోటి ఆడవాళ్లతో మీ కార్యాలయానికి వస్తాను. నాలుగూ ఒకేసారి కాకపోయినా ఫరవాలేదు. నాలుగోదానితో మొదలుపెట్టండి. రాబోయే జాతీయ పండుగకు ఇచ్చే జ్ఞాపికల్లో పది అయినా డిజైనరు పేరుతో, డిజైను రుసుముతో కొనండి. ఆ పది బిల్లులు మిగిలిన మూడింటికీ దారి వేస్తాయని నా నమ్మకం.

ఇట్లు,
మీ జిల్లా వాసి,
పిల్లల తల్లి, అల్లిక డిజైనరు,
మచిలీపట్నం.